హెరిటేజ్ మెట్లు, ఉప్పుచేప: లూనెన్‌బర్గ్‌లో రెండు రాత్రులు

ముందు ఆ బస సంగతి కక్కేస్తాను. అది లోపల పెట్టుకుని మ్యూజియంల గురించి రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ మెట్ల దగ్గరే ఆగిపోయాను.

వెళ్ళింది ఐదుగురం. నేను, మావారు, పదమూడేళ్ళ పెద్దది, ఎనిమిదేళ్ళ చిన్నాడు, మా నాన్న. నాన్నకి 72. బందరులో ఫిషరీస్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. అమ్మ మా చెల్లి పురిటికి ఆస్టిన్ వెళ్ళడంతో నాన్న ఒక్కరే కెనడాలో, మిస్సిసాగాలో మా పన్నెండో అంతస్తులో టీవీ ముందు చిక్కిపోయారు. నయాగరా రెండుసార్లు అయింది. ఒకరోజు లేక్ ఒంటారియో ఒడ్డుకి తీసుకెళ్ళి, చూడండి నాన్నా సముద్రంలాగే ఉంది కదా అంటే, ఆయన కాసేపు నిలబడి, "వాసనేదమ్మా?" అన్నారు. ఆ ఒక్క మాటకి నేను కెనడా తూర్పు చివర, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న నోవా స్కోషియాకి టికెట్లు కొన్నాను. 2025 జూలైలో నాలుగు రాత్రులు, రెండు హాలిఫాక్స్‌లో, రెండు లూనెన్‌బర్గ్‌లో.

హాలిఫాక్స్ రెండు రోజులూ బాగా గడిచాయి. అట్లాంటిక్ మారిటైమ్ మ్యూజియంలో టైటానిక్ డెక్ కుర్చీ, 1917 డిసెంబర్ 6న హార్బర్‌లో మందుగుండు ఓడ పేలి దాదాపు 2,000 మంది పోయిన కథ చూశాం. 1928 నుంచి 1971 దాకా వలసొచ్చినవాళ్ళు ఓడ దిగిన పియర్ 21 కూడా చూశాం. అంతే, చెప్పుకోవాల్సిన గొడవ ఏమీ జరగలేదు.

లూనెన్‌బర్గ్ అక్కడి నుంచి వంద కిలోమీటర్లు. కారు అద్దె నాలుగు రోజులకి 412 డాలర్లు, పెట్రోలు 58. చిన్న హార్బర్ ఊరు, పాత ఊరు మొత్తం 1995 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. నీళ్ళ ఒడ్డు నుంచి కొండ మీదికి నిట్టనిలువుగా వీధులు, వాటికి అడ్డంగా స్కేలు పెట్టి గీసినట్టు ఇంకొన్ని వీధులు, ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో చెక్క ఇళ్ళు. ఫోటోల్లో చాలా బాగుంటుంది. ఫోటోల్లో వాలు తెలియదు, అదే చిక్కు.

ఊరి మధ్యలో ఒక పాత ఇల్లు, ఇప్పుడు బసగా మార్చారు. పేరు రాయను. రెండు గదులు తీసుకున్నాను, గది రాత్రికి 189 డాలర్లు. నాన్నకోసం కింది అంతస్తు గది కావాలని బుకింగ్‌లో రాశాను, ఫోన్ చేసి మరీ చెప్పాను, "తప్పకుండా" అన్నారు. చిన్నాడికి అదనపు పరుపు అని రాత్రికి 25. అన్నీ కలిపి 806, దానిమీద 14 శాతం పన్ను, మొత్తం 918 డాలర్ల 84 సెంట్లు. ఈ అంకె నాకు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

సాయంత్రం ఐదున్నరకి వెళ్తే మనిషన్నవాడు లేడు. తలుపుకి నంబర్ల తాళం, ఫోన్‌కి ఒక మెసేజ్. కోడ్ కొట్టి లోపలికి వెళ్తే కింది గదిలో వేరేవాళ్ళ సూట్‌కేసులు. మా రెండు గదులూ మూడో అంతస్తులో, అంటే కప్పు కింద అటకలో. మెట్లు చూసి నాకు గుండె జారింది. సన్నగా, నిటారుగా, మలుపు దగ్గర ఒక్కో మెట్టు త్రికోణం, ఒక పక్క అడుగు పెడితే మడమకి చోటు లేదు. పట్టుకోవడానికి ఒక వైపే కర్ర. ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తిన అమ్మాయి చాలా తియ్యగా, "ఇది హెరిటేజ్ బిల్డింగ్ కదండీ, లిఫ్ట్ పెట్టకూడదు" అంది. అమ్మా, నేను లిఫ్ట్ అడగలేదు, కింది గది అడిగాను, మీరు ఇస్తానన్నారు. "అవును, కానీ ఆ గది ఇచ్చేశామండీ. పై గదుల్లోంచి హార్బర్ వ్యూ ఉంటుంది." వాపసు ఇస్తారా అంటే రద్దు గడువు దాటిపోయిందట. అక్కడే నిలబడి వేరే చోట్లకి నాలుగు ఫోన్లు చేశాం, జూలై శుక్రవారం సాయంత్రం, ఎక్కడా రెండు గదులు లేవు.

నాన్న ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. "పదమ్మా, ఓడెక్కినట్టు ఎక్కేద్దాం" అని ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో అల్లుడి భుజం పట్టుకుని ఎక్కారు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని, చిన్నపిల్లాడు జారినట్టు ఒక్కో మెట్టూ దిగుతున్నారు. పక్కన చిన్నాడు కూడా అలాగే కూర్చుని జారుతున్నాడు, తాతయ్యకి సిగ్గుగా ఉండకూడదని చేశాడో, ఆటనుకున్నాడో తెలియదు.

బాత్రూమ్ సంగతి కూడా చెప్పాలి. నాలుగు కాళ్ళ ఇనప తొట్టి, పాతకాలంది, అంచు నా మోకాలి పైకి ఉంది. అందులోకి ఆయన కాలెత్తి ఎలా దిగాలి? చెంబు కూడా లేదు, కాఫీ మగ్గుతో పోసుకున్నారు. పొద్దున ఫలహారం గదికి తెచ్చిపెడతామని రాశారు, వచ్చింది కాగితం సంచిలో మనిషికో మఫిన్, ఒక యాపిల్. అదీ నాలుగే సంచులు. చిన్నాడికి కట్టిన 25 డాలర్లు పరుపుకేనట, మఫిన్‌కి కాదట.

సరే. ఇక అసలు సంగతి.

ఒడ్డున పెద్ద ఎర్ర చెక్క భవనం ఉంటుంది, అట్లాంటిక్ ఫిషరీస్ మ్యూజియం. ఒకప్పుడు చేపల ఫ్యాక్టరీ. వేసవిలో తెరిచి ఉంటుంది, మే మధ్య నుంచి అక్టోబర్ దాకా అనుకోండి. టికెట్లు ఐదుగురికీ కలిపి 60 డాలర్ల లోపే అయ్యాయి, పెద్దవాళ్ళకి తగ్గింపు, కుటుంబానికి ఒక టికెట్ ఉంటుంది, కౌంటర్లో అడిగి తీసుకోండి. లిఫ్ట్ ఉంది. ఆ లిఫ్ట్ చూసి నేను ఎంత ఆనందపడ్డానో మావారు ఇప్పటికీ వెక్కిరిస్తారు.

నేను అనుకున్నది ఏమిటంటే, గంటన్నరలో చూసేసి మధ్యాహ్నం బీచ్‌కి పోదామని. మేము బయటికి వచ్చింది సాయంత్రం నాలుగున్నరకి.

కింద అక్వేరియం, లాబ్‌స్టర్లు, చేత్తో ముట్టుకునే తొట్టి. చిన్నాడు సముద్ర నక్షత్రాన్ని అరచేతిలో పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు, వాడు అంతసేపు కదలకుండా ఉండటం నేను మళ్ళీ చూడను. ఆ గది దాటి వెళ్తే ఒక పెద్దాయన చేపని ఎలా చీలుస్తారో చూపిస్తున్నాడు. ఈ మ్యూజియంలో ఇదే గొప్ప, వేటకి వెళ్ళి రిటైరైనవాళ్ళే అక్కడ నిలబడి చెప్తారు. రికార్డు చేసిన గొంతు కాదు, బోర్డు చదివి అప్పజెప్పే కాలేజీ పిల్లలు కాదు. ఈయన వేళ్ళు చూస్తేనే తెలుస్తుంది, ఒక వేలు కొన లేదు.

నాన్నకి ఇంగ్లీషు చదవడం బాగా వచ్చు, మాట్లాడటం మొహమాటం. మాటకి ముందొక సార్, వెనకొక సార్. ఆయన మెల్లగా దగ్గరికి వెళ్ళి, "సార్, సాల్ట్ ఎంత సార్, ఒక కిలో చేపకి?" అన్నారు. ఆ పెద్దాయన కత్తి పక్కన పెట్టాడు. అంతే, నలభై నిమిషాలు.

నాకు అర్థమైనంత చెప్తాను. ఇక్కడి ఓడలు స్కూనర్లు, రెండు తెరచాప కొయ్యలవి, వందల కిలోమీటర్లు బయటికి, బ్యాంక్స్ అని పిలిచే లోతు తక్కువ సముద్రం మీదికి వెళ్ళేవి. వారాల తరబడి వేట. ఓడ మీద డోరీలని అడుగు చదునుగా ఉండే చిన్న పడవలు, గిన్నెలో గిన్నె పెట్టినట్టు ఒకదానిలో ఒకటి పేర్చి ఉంటాయి. అక్కడికి చేరాక డోరీకి ఇద్దరు చొప్పున దిగి, వందల గాలాలు కట్టిన పొడుగు తాడు వేసి, కాడ్ చేపని పట్టి ఓడకి తెచ్చేవాళ్ళు. పొగమంచు కమ్మితే డోరీకి ఓడ కనిపించదు. కొందరు అలా పోయారు, మళ్ళీ రాలేదు. తెచ్చిన చేపకి ఓడ మీదే గొంతు కోసేవాడొకడు, తల తీసేవాడొకడు, చీల్చి వెన్నుముల్లు లాగేవాడొకడు, కింద అరలో ఉప్పు వేసేవాడొకడు. ఉప్పు వేసేవాడికి చాలా విలువట. తక్కువైతే చేప కుళ్ళుతుంది, ఎక్కువైతే మాడిపోతుంది. వాళ్ళూ మాడటమనే అంటారు. నాన్న ఆ మాటకి ఎగిరి గంతేసినంత పని చేశారు. గిలకలదిండిలో ఆడవాళ్ళు గుప్పిటతో కొలిచి వేస్తారు, ఏ చేపకి ఎన్ని గుప్పిళ్ళో కాగితం మీద రాయబోతే నవ్వారు అని చెప్పమన్నారు, నేను అనువాదం చేశాను. పెద్దాయన, ఇక్కడా అంతే, మా నాయన దగ్గర నేర్చుకున్నాను, ఎక్కడా రాసి లేదు అన్నాడు.

తర్వాత ఆయన మీ దగ్గర ఎలాంటి పడవలు అని అడిగితే, నాన్న టికెట్ వెనక తెప్ప బొమ్మ వేశారు. దుంగలు, తాళ్ళు, అంతే. మేకులు? లేవు సార్. నీళ్ళు లోపలికి రావా? వస్తాయి సార్, వెళ్ళిపోతాయి సార్. ఆయన పగలబడి నవ్వి ఆ టికెట్ ఇవ్వగలరా అని అడిగి జేబులో పెట్టుకున్నాడు. నాన్న ఆ రోజంతా నేల మీద లేరు. మోకాలు నొప్పి అన్నమాట మళ్ళీ రాత్రి ఆ మెట్ల దగ్గర గుర్తొచ్చింది.

ఈ ఉప్పుచేప కథలో ఒక చేదు కూడా ఉంది, అది కూడా తెలుసుకుని వెళ్తే మంచిది. మంచి రకం చేప యూరప్‌కి పోయేది, నాసిరకం కరీబియన్ దీవుల తోటల్లో బానిసల తిండికి. తిరుగు ఓడల్లో బెల్లప్పాకం, రమ్. మా పెద్దది, ఉదయం నుంచి చెవుల్లో ఇయర్‌ఫోన్లు తియ్యనిది, ఇక్కడ తీసింది. "అంటే ఈ అందమైన రంగుల ఇళ్ళన్నీ ఆ డబ్బేనా?" అంది. అన్నీ కాదు, కొంత అని నేను సర్ది చెప్పబోతే నాన్న, "అడగనీ" అన్నారు.

మ్యూజియం పై అంతస్తులో అమెరికా మద్యనిషేధం కాలం, 1920 నుంచి 1933. చేపల ధర పడిపోయినప్పుడు ఇక్కడి స్కూనర్లు కొన్ని రమ్ మోశాయి. ఇక్కడే కట్టిన 'ఐయామ్ అలోన్' అనే ఓడని 1929లో అమెరికా కోస్ట్‌గార్డు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కాల్చి ముంచేసింది. అప్పటిదాకా మొహం ముడుచుకుని తిరుగుతున్న మావారికి (ఎందుకు ముడుచుకున్నారో చెప్తాను) ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. ఆయనది కాకినాడ. 1995లో మన దగ్గర నిషేధం పెట్టినప్పుడు యానాం నుంచి స్కూటర్ డిక్కీల్లో, పాల క్యాన్లలో, కొబ్బరికాయల బుట్టల కింద ఎలా వచ్చేదో పిల్లలకి చెప్పడం మొదలుపెట్టారు. చిన్నాడు "డాడీ, నువ్వు తెచ్చావా?" అని గట్టిగా అడిగాడు. నాకు అప్పుడు పదహారేళ్ళు అన్నారు. అది జవాబు కాదని అందరికీ తెలుసు. మావయ్య గారి ముందు ఇంకేం చెప్తారు?

మావారి అలక ఎందుకంటే, ఈ ఊరికి ఆయన వచ్చింది బ్లూనోజ్ టూ కోసం. కెనడాలో పది సెంట్ల నాణెం మీద ఒక తెరచాప ఓడ ఉంటుంది, మనం రోజూ చూస్తాం, పట్టించుకోం. అది బ్లూనోజ్. 1921 మార్చి 26న ఈ ఊళ్ళోనే నీళ్ళలోకి దింపారు. చేపల ఓడే, కానీ అదే ఏడాది అంతర్జాతీయ మత్స్యకారుల పందెం గెలిచింది, కెప్టెన్ ఆంగస్ వాల్టర్స్. తర్వాత ఆ కప్పు ఇంకెవరికీ పోనివ్వలేదు. 1937 నుంచి నాణెం మీద ఉంది. ఇంత చేసిన ఓడని 1942లో అమ్మేశారు, కరీబియన్‌లో సరుకులు మోసింది, 1946లో హైతీ దగ్గర రాతి దిబ్బకి కొట్టుకుని పోయింది. నాన్న ఆ బోర్డు చదివి, "రిటైరయ్యాక పెన్షన్ ఇవ్వలేదన్నమాట" అన్నారు. 1963లో అదే షెడ్డులో అదే నమూనాతో బ్లూనోజ్ టూ కట్టారు, అది ఊళ్ళో ఉంటే మ్యూజియం పక్కనే కట్టేసి ఉంటుంది. మేము వెళ్ళిన రోజుల్లో ఊళ్ళో లేదు. వేసవిలో అది ఊరూరూ తిరుగుతుంది, షెడ్యూలు ముందే చూసుకోవాలి, చూసుకోవాల్సింది మావారు, చూసుకోలేదు, కానీ అలక మాత్రం నా మీద. ఓడ కావాలంటే షెడ్యూలు చూసి తేదీలు పెట్టుకోండి, తేదీలు పెట్టుకుని ఓడ కోసం వెతక్కండి.

అది లేకపోయినా థెరీసా ఇ. కానర్ ఉంది. 1938లో కట్టిన స్కూనర్. దాని చివరి కథ నాకు బాగా పట్టుకుంది. 1963లో డోరీ వేటకి మనుషులు చాలక న్యూఫౌండ్లాండ్ దీవికి వెళ్ళింది, అక్కడా మనుషులు దొరకలేదు, ఖాళీగా తిరిగొచ్చింది. దానితో ఈ ఊళ్ళో డోరీ వేట అయిపోయింది. తర్వాత వచ్చిన ఇంజన్ ట్రాలర్లు సముద్రాన్ని ఊడ్చేశాయి, 1992లో న్యూఫౌండ్లాండ్ కాడ్ వేటని ప్రభుత్వమే ఆపేసింది. మన దగ్గర చేపలు గుడ్లు పెట్టే కాలంలో తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి 61 రోజుల నిషేధం ఉంటుంది కదా, నాన్న ఉద్యోగంలో సగం తలనొప్పి అదే. బోటు సరంగులు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఆ 1992 బోర్డు ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. "చూశావా, నన్ను తిట్టినవాళ్ళని తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలి" అన్నారు. కాస్త గర్వంగానే అన్నారు.

బయటికొచ్చాక ఒడ్డునే మత్స్యకారుల స్మారకం. నల్ల గ్రానైట్ స్తంభాలు దిక్సూచి ఆకారంలో నిలబెట్టి, సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కారు. 1926 ఆగస్టు తుఫానులో ఈ ఊరి ఓడలు రెండు, మళ్ళీ 1927 ఆగస్టులో నాలుగు, సేబుల్ దీవి దగ్గర మునిగిపోయాయి, మనుషులతో సహా. నాన్న కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో పేరూ చదువుతున్నారు. "ఇంటిపేర్లన్నీ అవే వస్తున్నాయేంటమ్మా?" అన్నారు. అన్నదమ్ములు, తండ్రీ కొడుకులు, బాబాయిల పిల్లలు ఒకే ఓడలో. పక్కనే ఉన్న మావారు, 1977 దివిసీమ ఉప్పెనప్పుడు మీరు బందరులోనే కదా మావయ్య గారూ అని అడిగారు. అడగకుండా ఉండాల్సింది. నాన్న, ఆ అన్నారు. తర్వాత ఒక పావుగంట ఎవరితోనూ మాట్లాడలేదు. నాగాయలంక వైపు పడవల లెక్క రాయడానికి పంపారట, అప్పుడు ఇరవై నాలుగేళ్ళు, ఉద్యోగంలో చేరి ఏడాది. ఈ మాట నేను నలభై ఏళ్ళలో మొదటిసారి విన్నాను, అదీ ఆ రాత్రి ఆయనే చిన్నాడికి చెప్తుంటే పక్క గదిలోంచి. ఆ పలచటి హెరిటేజ్ గోడల వల్ల జరిగిన ఒకే ఒక మేలు ఇది.

తిండి. ఒడ్డున ఒక చోట లాబ్‌స్టర్ రోల్ 34 డాలర్లు, చల్లటి రొట్టెలో మయోనైజ్ కలిపిన నాలుగు ముక్కలు, నేను బాధపడుతూ తిన్నాను. వెనక వీధిలో ఫిష్‌కేకులు 22, ఉప్పు కాడ్‌ని నానబెట్టి, ఉడికించి, బంగాళాదుంప కలిపి వేయించినవి, పక్కన పచ్చి టమాటాతో చేసిన చౌ అని ఒక తీపి పచ్చడి. ఇవి తినండి, లాబ్‌స్టర్ జోలికి పోకండి. సోలమన్ గండీ అని ఇంకొకటి ఉంది, పేరు చూసి ఎవరో స్వాతంత్ర్య సమరయోధుడు అనుకున్నారు నాన్న. హెర్రింగ్ చేప ముక్కలు, ఉల్లిపాయలు, వెనిగర్‌లో ఊరబెట్టింది. ఒక ముక్క నోట్లో వేసుకుని, "కారం మర్చిపోయారు" అని, బ్యాగులోంచి మా గుంటూరు కారం పొట్లం తీశారు. పెద్దది నెల నుంచి శాకాహారి, దానికి ఈ ఊళ్ళో రెండు రోజులూ బంగాళాదుంప వేపుళ్ళే గతి, దాని మొహం కూడా అలాగే ఉంది.

రెండో రోజు క్నాట్-రూలాండ్ హౌస్. 1793 ప్రాంతంలో కట్టిన చెక్క ఇల్లు, ఊరి హెరిటేజ్ సొసైటీ చూసుకుంటుంది. మళ్ళీ పాత ఇల్లే, మళ్ళీ సన్నటి మెట్లే. నేను గుమ్మంలోనే, నాన్నా మీరు కూర్చోండి అన్నాను. పాతకాలం గౌను, టోపీ వేసుకున్న అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, నాన్న నడక చూసి తనే ఒక కుర్చీ తెచ్చి వేసింది. మేము పైకి వెళ్ళొచ్చేసరికి ఆయన పక్కన కూర్చుని పై గదుల సంగతంతా చెప్తోంది. వంటింటి పొయ్యి, వెన్న చిలికే కవ్వం చూపించింది. మా అమ్మమ్మ ఇంట్లోనూ ఇలాంటిదే ఉండేదంటే కవ్వాన్ని తెలుగులో ఏమంటారని అడిగి మూడుసార్లు పలికింది. వందేళ్ళు ఆ బసకంటే పాతది ఈ ఇల్లు. ఇక్కడ కుర్చీ దొరికింది, అక్కడ 918 డాలర్లకి ముక్కాలి పీట కూడా దొరకలేదు. డబ్బాలో 20 డాలర్లు వేసి వచ్చాం, మావారు 10 చాలన్నారు, నేను వినలేదు.

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో నాకు నచ్చింది, ఈ ఊరివాళ్ళు మొదట సముద్రం మనుషులే కాదు. 1753లో బ్రిటిష్ వాళ్ళు జర్మనీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్సులోని మోంబెలియార్ నుంచి ప్రొటెస్టెంట్ రైతుల్ని, 1,400 మందికి పైగా, తెచ్చి ఇక్కడ దింపారు. అంతకుముందు ఇది ఇక్కడి ఆదివాసులైన మిగ్‌మా ప్రజల చోటు, ఫ్రాన్సు నుంచి ముందే వలసొచ్చిన అకేడియన్లు దీన్ని మెర్లిగెష్ అనేవాళ్ళు. లండన్‌లో కూర్చుని గీసిన పటం ప్రకారం కొండ వాలు చూడకుండా గళ్ళు గీసి వీధులు వేశారు, అందుకే ఇప్పటికీ అందరి మోకాళ్ళూ పోతాయి. దుక్కి దున్నడం తెలిసినవాళ్ళు రెండు తరాల్లో తెరచాప కట్టడం నేర్చుకున్నారు. ఇప్పటికీ క్యాబేజీ ఊరబెట్టుకుని తింటారు.

పైన సెయింట్ జాన్స్ ఆంగ్లికన్ చర్చి తప్పకుండా చూడండి. 2001 హాలోవీన్ రాత్రి కాలిపోయింది, మిగిలిన చెక్కలు, కొలతలు పెట్టుకుని మళ్ళీ అచ్చం అలాగే కట్టారు. బలిపీఠం పైకప్పు నిండా బంగారు నక్షత్రాలు. మళ్ళీ వేయడానికి పాత ఫోటోలు చూస్తే అవి ఊరికే చల్లినవి కావని తేలిందట, క్రీస్తు పుట్టిన తొలి క్రిస్మస్ నాటి ఆకాశం, ఈ ఊరి నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉందని ఖగోళ శాస్త్రం చదివినవాళ్ళు లెక్కకట్టారు. పెద్దది బెంచీ మీద వెల్లకిలా పడుకుని అరగంట చూసింది. వేపుళ్ళ కోపం అక్కడ తగ్గింది.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే. ఒడ్డు వెంట రోడ్డు చదునుగా ఉంటుంది, మ్యూజియం, స్మారకం, తిండి అన్నీ అక్కడే. చర్చికీ, పై వీధులకీ కారులోనే తీసుకెళ్ళి గుమ్మం ముందు దింపండి, ఫోటోలు చూసి నడుద్దాం అనుకోవద్దు. పాత ఊళ్ళో పాత ఇంట్లో ఉండాలన్న సరదా వదులుకోండి. ఇరవై కిలోమీటర్ల దూరంలో బ్రిడ్జ్‌వాటర్‌లో మామూలు మోటెల్, మామూలు మెట్లు, మామూలు షవర్, పొద్దున్నే వచ్చేయొచ్చు. హెరిటేజ్ చూడటానికి టికెట్ కొనండి, పడుకోవడానికి కొనకండి. ఒక రోజు మొత్తం ఫిషరీస్ మ్యూజియంకి ఇవ్వండి, మహోన్ బేలో మూడు చర్చిల ఫోటో దారిలో పది నిమిషాల పని.

వచ్చే ముందు సూపర్‌మార్కెట్లో చెక్క పెట్టెలో ఉప్పు కాడ్ అమ్ముతుంటే నాన్న రెండు కొన్నారు, ఒక్కోటి 17 డాలర్ల 99 సెంట్లు. ఇంటికి రాగానే రాత్రంతా నానబెట్టి, మూడుసార్లు నీళ్ళు మార్చి, ఉల్లిపాయలేసి వేయించి, పప్పుచారు నేనే పెట్టాను. ముక్క మందం, మన ఉప్పుచేప ఘాటు లేదు, ముల్లు అసలే లేదు. నాన్న రెండుసార్లు వడ్డించుకుని, "ఉప్పు వేసినవాడికి పని వచ్చు" అన్నారు. పన్నెండో అంతస్తు మొత్తం వాసనొచ్చింది. పక్కింటి ఫిలిప్పీన్స్ ఆవిడ తలుపు కొడితే తిట్టడానికనుకున్నాను, గిన్నె పట్టుకొచ్చింది.

బసవాళ్ళకి మెయిల్ రాశాను, ఫోటోలతో, కింది గది ఇస్తామన్న వాళ్ళ మెసేజ్‌తో సహా. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది. చాలా చింతిస్తున్నారట. మళ్ళీ వస్తే పది శాతం తగ్గింపు కూపన్ జత చేశారు. నవంబర్ నుంచి మార్చి దాకా చెల్లుతుంది, కింది గదికి వర్తించదు.